‘అనుమతి లేదు’ అంటే చాలదు: ఎవరికి, దేనికి, ఎందుకో చెప్పాలి

సంపాదకుల వారికి,

‘యాక్సెస్ డినైడ్’, ‘పర్మిషన్ డినైడ్’, ‘మీకు అనుమతి లేదు’. కంప్యూటర్‌తో పని ఉన్న ప్రతివారికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే మాటలివి. తలుపు వేసి ఉందని చెబుతాయి. అది ఏ తలుపో, తాళం ఎవరి దగ్గరుందో, తట్టింది ఎవరనుకుంటున్నాయో చెప్పవు. సర్వర్లు, యూజర్ అకౌంట్లు చూసుకునే పనిలో ఉన్నవాళ్లం మేము. ఈ అరకొర సందేశాలే జనం చేత భద్రతను ఊడబీకిస్తున్నాయన్నది మా ఆవేదన. కారణం తెలియనప్పుడు ఎవరైనా చేసేది ఒకటే, ఉన్న తలుపులన్నీ బార్లా తెరిచేయడం. అసలు అడ్డం ఎక్కడుందో తెలిస్తే ఒక్క గడియ తీస్తే సరిపోయేది.

ముందు విండోస్ సంగతి. 80070005 అనే ఎర్రర్ కోడ్ చాలామంది చూసే ఉంటారు. దాని ముందు సున్నా, ఎక్స్ ఉంటాయి. చూడటానికి అర్థం లేని అంకెల వరసలా ఉన్నా, దాన్ని విప్పి చదవవచ్చు. మొదటి 8 ‘పని జరగలేదు’ అనడానికి గుర్తు. తర్వాతి 007 ‘ఇది విండోస్ సొంత ఎర్రర్ల పట్టికలోది’ అని చెబుతుంది. చివరి నాలుగు స్థానాల్లో అసలు సంగతి ఉంటుంది. 0005 అంటే ఆ పట్టికలో 5వ ఎర్రర్, యాక్సెస్ డినైడ్. ఈ అంకెలు హెక్సాడెసిమల్ (పదికి బదులు పదహారు ఆధారంగా నడిచే) లెక్కలో ఉంటాయి కాబట్టి, కాలిక్యులేటర్‌ను ప్రోగ్రామర్ మోడ్‌లో పెట్టి, హెక్స్ దగ్గర చివరి నాలుగు స్థానాలు కొట్టి, డెసిమల్ విలువ చూసుకోవాలి. 80070020లో చివరి 20 అంటే మామూలు లెక్కలో 32. ఆ ఫైల్‌ను వేరే ప్రోగ్రామ్ వాడుకుంటోందని అర్థం. 80070035 అంటే 53, నెట్‌వర్క్ దారి దొరకలేదు. 80070070 అంటే 112, డిస్క్‌లో జాగా లేదు. అంకె తెలిశాక కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ హెల్ప్‌ఎంఎస్‌జీ’ కొట్టి పక్కన ఆ అంకె ఇస్తే ఒక వాక్యంలో అర్థం వస్తుంది. ఇందులో 5వది ఒక్కటే అనుమతి సమస్య. అయినా మా దగ్గరికి ఈ నాలుగూ ‘పర్మిషన్ ఇవ్వడం లేదు’ అనే ఒకే ఫిర్యాదుగా వస్తాయి. ఎందుకంటే ప్రోగ్రామ్ రాసినవారు ఆ కోడ్‌ను పక్కన పెట్టి ‘ఫైల్ తెరవలేకపోయాం’ అని ఒక వాక్యం చూపించి ఊరుకున్నారు.

ఆ 32వ ఎర్రర్‌కు పర్మిషన్లు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర ఆ ఫైల్ పేరు కొడితే ఏ ప్రోగ్రామ్ పట్టుకుని ఉందో కనిపిస్తుంది. దాన్ని మూసేస్తే చాలు.

నిజంగా అనుమతి సమస్యే అయినా, అక్కడా కారణం ఒక్కటి కాదు. ఇంకో కంప్యూటర్‌లో ఉన్న షేర్డ్ ఫోల్డర్‌కు రెండు కాపలాలుంటాయి. ఒకటి షేర్ పర్మిషన్, రెండోది డిస్క్ మీద ఎన్‌టీఎఫ్ఎస్ పర్మిషన్, అంటే ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ దగ్గర కనిపించేది. రెండింటిలో ఏది గట్టిగా పట్టి ఉంటే అదే చెల్లుతుంది. సెక్యూరిటీ ట్యాబ్‌లో ‘ఫుల్ కంట్రోల్’ ఇచ్చి, షేరింగ్ దగ్గర ‘రీడ్’ వదిలేస్తే ఆ యూజర్ నెట్‌వర్క్ నుంచి ఒక్క అక్షరం కూడా సేవ్ చేయలేరు. అదే మనిషి సర్వర్ ముందు కూర్చుని తెరిస్తే అన్నీ చేయగలరు. సందేశం మాత్రం ఏ కాపలా ఆపిందో చెప్పదు. ఇక ‘డినై’ సంగతి. నిరాకరణ ఎప్పుడూ అనుమతిని మించుతుందని చాలామంది అడ్మిన్లే అనుకుంటారు, అది సగమే నిజం. పై ఫోల్డర్ నుంచి వారసత్వంగా వచ్చిన డినై కంటే, ఆ ఫైల్‌కే నేరుగా ఇచ్చిన అలౌ ముందు లెక్కలోకి వస్తుంది. అందుకే కళ్లతో లెక్కలు వేయకుండా ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, ఎఫెక్టివ్ యాక్సెస్ వరకు వెళ్లి, ఆ యూజర్ పేరు ఇచ్చి, చివరికి ఏం మిగిలిందో అక్కడ చూడటం మేలు.

మనుషుల్ని ఎక్కువగా తికమక పెట్టేది ఫైల్ చోటు మారడం. ఒకే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు ఫైల్‌ను మూవ్ చేస్తే పాత పర్మిషన్లు దాని వెంటే వస్తాయి. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ పర్మిషన్లు వస్తాయి. ఫోల్డర్‌లో పది ఫైళ్లుంటే తొమ్మిది తెరుచుకుని ఒకటి మొరాయిస్తోందంటే, ఆ ఒక్కటి వేరే చోటి నుంచి మూవ్ అయి వచ్చిందేమో ముందు చూడాలి. అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీలో పై ఫోల్డర్ పర్మిషన్లను మళ్లీ వర్తింపజేస్తే సరిపోతుంది.

ఇంకొకటి. అడ్మిన్ ఒక ఉద్యోగిని గ్రూప్‌లో చేర్చి ‘ఇచ్చేశాం, చూడండి’ అంటారు. వీరు చూస్తే మళ్లీ అదే సందేశం. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. లాగిన్ అయిన క్షణంలో ఏయే గ్రూపుల్లో ఉన్నారో ఆ చీటీయే రోజంతా చెల్లుతుంది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే తప్ప కొత్త చీటీ రాదు. స్క్రీన్ లాక్ చేసి తీస్తే సరిపోదు. లైనక్స్‌లోనూ ఇంతే. అక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది. యూజర్‌మాడ్ కమాండ్‌తో గ్రూప్‌లో చేర్చేటప్పుడు పెద్ద జీ ఆప్షన్ ఒక్కటే ఇచ్చి చిన్న ఏ మరిచిపోతే, కొత్త గ్రూప్ వచ్చి పాత అదనపు గ్రూపులన్నీ పోతాయి. అడ్మిన్ అధికారం కూడా ఆ గ్రూపుల్లో ఒకదాని ద్వారా వచ్చి ఉంటే అదీ పోతుంది. మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఆ సంగతి బయటపడదు.

లైనక్స్ ఒక విషయంలో నయం. దాని ఎర్రర్లకు నంబర్లు నిలకడగా ఉంటాయి, వాటి తేడాకు అర్థం ఉంది. 13వది ‘పర్మిషన్ డినైడ్’. ఫైల్‌కో, దాని దారిలోని ఫోల్డర్‌కో ఉన్న రీడ్, రైట్, ఎగ్జిక్యూట్ గుర్తుల దగ్గర ఆగిందని చాలాసార్లు అర్థం. 1వది ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’. ఈ పని చేసే హక్కే మీకు లేదని. వేరేవారి ఫైల్‌కు పర్మిషన్లు మార్చబోతే వచ్చేది ఇదే. ఫైల్‌ను మార్చరానిదిగా గుర్తు పెట్టి ఉంటే, సర్వాధికారాలున్న రూట్ యూజర్‌కు కూడా ఇదే వస్తుంది. 30వది ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’. నిన్నటిదాకా రాయనిచ్చిన డిస్క్ ఇవాళ ఇలా అంటోందంటే, డిస్క్‌లో లోపం కనిపించి సిస్టమ్ తనంతట తాను రాతలు ఆపేసి ఉండవచ్చు. అప్పుడు పర్మిషన్ల జోలికి పోకుండా ముందు బ్యాకప్ తీసుకుని, తర్వాత డిస్క్ పరీక్షించాలి. ఇలాంటి వేళ బలవంతంగా రాయబోయి ఉన్న డేటా పోగొట్టుకున్నవారు ఉన్నారు.

13వ ఎర్రర్‌కు అసలు కారణం తరచుగా ఫైల్‌లో ఉండదు, దారిలో ఉంటుంది. ఒక ఫైల్ చేరాలంటే మధ్యలో ఉన్న ప్రతి ఫోల్డర్‌కూ ఎగ్జిక్యూట్ అనుమతి కావాలి. ఫోల్డర్‌కు ఎగ్జిక్యూట్ అంటే దాన్ని ‘నడపడం’ కాదు, దాని గుండా ‘నడిచి వెళ్లడం’. నాలుగు ఫోల్డర్ల లోపలి ఫైల్‌ను అందరూ చదివేలా పెట్టినా, రెండో ఫోల్డర్‌కు ఆ గుర్తు లేకపోతే అక్కడే ఆగిపోతారు. నేమై అనే కమాండ్‌కు ఎల్ ఆప్షన్, ఫైల్ పూర్తి దారి ఇస్తే ప్రతి మెట్టు దగ్గరా యజమాని ఎవరో, పర్మిషన్ ఏమిటో వరసగా చూపిస్తుంది. ఈ ఒక్క కమాండ్ తెలిస్తే గంటల తరబడి వెతుకులాట తప్పుతుంది. తొలగించడం కూడా అంతే. ఫైల్ మీద రాసే అనుమతి ఉన్నా, అది ఉన్న ఫోల్డర్ మీద లేకపోతే తీసేయలేరు. ఫోల్డర్ మీద ఉంటే మాత్రం రీడ్ ఓన్లీ ఫైల్‌ను కూడా తీసేయవచ్చు. తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ లాంటి చోట్ల స్టిక్కీ బిట్ అనే గుర్తు పెట్టేది ఇందుకే, ఒకరి ఫైళ్లు ఇంకొకరు చెరపకుండా.

అన్ని గుర్తులూ సరిగా ఉండి కూడా ఆగిందంటే మరో కాపలా ఉందన్నమాట. రెడ్‌హ్యాట్ కుటుంబపు లైనక్స్‌లలో ఎస్ఈలైనక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ ప్రతి ఫైల్‌కూ ఒక లేబుల్ తగిలిస్తుంది. హోమ్ ఫోల్డర్‌లో తయారుచేసిన వెబ్ పేజీని వెబ్ సర్వర్ ఫోల్డర్‌కు మూవ్ చేస్తే హోమ్ లేబుల్ దానితోనే వెళుతుంది, బ్రౌజర్‌లో 403, అంటే ‘ఇవ్వం’ అనే ఎర్రర్ వస్తుంది. రీస్టోర్‌కాన్ కమాండ్ ఒక్కసారి నడిపితే లేబుల్ సరి అవుతుంది. సందేశంలో ఎస్ఈలైనక్స్ ఊసే లేకపోవడంతో, ఆడిట్ లాగ్ (ఏది ఎందుకు ఆగిందో రాసిపెట్టే చిట్టా) చూడని వారు చివరికి విసిగి దాన్ని పూర్తిగా ఆపేస్తారు. ఒక్క ఫైల్ కోసం సర్వర్ మొత్తానికి ఉన్న రక్షణ పోతుంది.

మేము భయపడేది సరిగ్గా దీనికే. ఎవరో ఒకరు ‘777 పెట్టు, పనిచేస్తుంది’ అని సలహా ఇస్తారు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిస్తే 7. యజమానికి, గ్రూప్‌కు, మిగతా లోకానికి అన్నీ ఇచ్చేయడం 777. మామూలుగా ఫోల్డర్‌కు 755, ఫైల్‌కు 644, రహస్యమైనదానికి 600 చాలు. పైగా 777 వల్ల కొత్త తాళాలు పడతాయి. దూరపు సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్, మీ ప్రైవేట్ కీ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే రహస్య తాళం) ఫైల్‌ను ఇతరులు చదివే వీలుంటే ఆ కీని వాడటానికే నిరాకరిస్తుంది. సర్వర్ వైపు హోమ్ ఫోల్డర్‌ను ఇతరులు రాసేలా తెరిచి పెడితే, సర్వర్ మామూలు అమరికలో ఆ యూజర్ కీలను నమ్మదు. ఆ యూజర్‌కు కనిపించేది మళ్లీ ‘పర్మిషన్ డినైడ్’. అనుమతి మరీ ఎక్కువైనందుకు ఆగిందని తెలియక ఇంకా ఎక్కువ ఇస్తూ పోతారు. అసలు కారణం సర్వర్ లాగ్‌లో రాసి ఉంటుంది, యూజర్‌కు కనిపించదు. విండోస్‌లో ‘ఎవ్రీవన్’కు ఫుల్ కంట్రోల్ ఇవ్వడం, ప్రతి ప్రోగ్రామ్‌నూ అడ్మినిస్ట్రేటర్‌గా నడపడం కూడా ఈ కోవలోవే. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ భద్రతకు ఎనిమిది సూత్రాలు చెప్పినప్పుడు, ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలన్నదానితో పాటు, వాడేవారికి తేలిగ్గా అర్థమయ్యేలా ఉండాలన్నదీ ఒక సూత్రంగా పెట్టారు. మొదటిది పరీక్షల్లో బాగానే అడుగుతారు. రెండోదాన్ని పట్టించుకోకపోతే మొదటిది నిలవదని మా అనుభవం.

వెబ్ దగ్గర 401, 403, 404ల తేడా తెలిస్తే సగం సమస్య తీరుతుంది. 401 అంటే మీరెవరో తేలలేదు, లాగిన్ అవ్వాలి. 403 అంటే మీరెవరో తెలిసినా ఇవ్వం, కాబట్టి మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి లాభం లేదు. ఆ వనరు యజమానిని అడగాలి. 404 అంటే లేదు అని, కానీ కొన్ని చోట్ల ఉన్నా లేదంటారు. ప్రోగ్రామ్ కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో మీకు అనుమతి లేని ప్రైవేట్ రిపాజిటరీ (కోడ్ ఉంచే చోటు) 404గానే కనిపిస్తుంది, అది ఉందన్న సంగతే బయటపడకూడదని. ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే అమెజాన్ ఎస్3లో దీనికి తలకిందుల వ్యవహారం. జాబితా చూసే అనుమతి లేనివారు, లేని ఫైల్‌ను అడిగినా 403 వస్తుంది. ఫైల్ పేరులో ఒక్క అక్షరం తప్పు రాసినవారు పాలసీలన్నీ తిరగేస్తూ కూర్చుంటారు. అందుకే 403 రాగానే పేరు, పెద్ద చిన్న అక్షరాల తేడాతో సహా, ఒకసారి సరిచూసుకోవాలి.

కొన్ని సందేశాలు కావాలనే మసకగా ఉంటాయని ఒప్పుకోవాలి. ‘యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు’ అనడం సరైనదే. రెండింటిలో ఏది తప్పో చెబితే దొంగకు ఏ అకౌంట్లు ఉన్నాయో తెలిసిపోతుంది. కానీ ఆ సాకుతో సొంత సంస్థ లోపలి ఉద్యోగికి కూడా ఏమీ చెప్పకపోవడం సమర్థించలేం. దానికి తేలికైన దారి ఉంది. సందేశంలో ఒక రిఫరెన్స్ నంబర్ ఇచ్చి, అదే నంబర్ కింద పూర్తి కారణాన్ని సర్వర్ లాగ్‌లో రాయడం. బయటివారికి ఏమీ తెలియదు, అడ్మిన్ ఆ నంబర్‌తో వెతికితే నిమిషంలో తేలుతుంది.

ఫోన్ల సంగతి క్లుప్తంగా. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక అనుమతిని రెండుసార్లు వద్దంటే ఆ యాప్ మళ్లీ అడగలేదు. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, యాప్ పాడైందనుకుంటారు. చాలా నెలలు వాడని యాప్‌ల అనుమతులు కూడా వాటంతట అవే రద్దవుతాయి. సెట్టింగ్స్‌లో యాప్స్, ఆ యాప్, పర్మిషన్స్ దగ్గరికి వెళ్లి చేత్తో ఇవ్వాలి. మ్యాక్‌లో 2018 నాటి మొహావీ నుంచి కొన్ని ఫోల్డర్లు, ఫైళ్లు తెరవాలంటే అనుమతి యూజర్‌కు ఉంటే చాలదు, యాప్‌కు కూడా ఉండాలి. కమాండ్లు కొట్టే టెర్మినల్ యాప్‌లో, అడ్మిన్ అధికారం ఇచ్చే సూడో కమాండ్ వాడినా ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ వస్తోందంటే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ఫుల్ డిస్క్ యాక్సెస్ దగ్గర టెర్మినల్‌ను చేర్చి, మూసి తెరవాలి. ఎక్కడైనా సరే, సర్టిఫికెట్ తేదీ తప్పంటూ ఎర్రర్ వస్తే ముందు మీ పరికరంలో తేదీ, సమయం చూడండి. ఆఫీసు నెట్‌వర్క్‌లలో లాగిన్‌కు వాడే కెర్బెరాస్ కూడా మామూలు అమరికలో 5 నిమిషాలకు మించి గడియారం తేడా ఉంటే ఒప్పుకోదు.

ఇక తెలుగు సందేశాల గురించి చెప్పకపోతే ఈ లేఖ రాసి ప్రయోజనం లేదు. ‘ప్రాప్యత నిరాకరించబడింది.’ ఇది తెలుగు లిపిలో ఉందే గానీ తెలుగు మాట్లాడే ఏ నోటా రాదు. నిరాకరించినది ఎవరు? ‘బడింది’ అనే క్రియ ఆ సంగతిని మింగేసింది. ‘ఈ ఫైల్‌ను తెరిచే అనుమతి మీ అకౌంట్‌కు లేదు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ‘ధ్రువీకరణ విఫలమైంది’ అన్నది ఇంకా ఘోరం. పాస్‌వర్డ్ తప్పయినా అదే, ఓటీపీ గడువు దాటినా అదే, సర్టిఫికెట్ చెల్లకపోయినా అదే. దీని వెనుక పనితీరు లోపం ఒకటుంది. అనువాదకుల చేతికి సందేశాలు విడి వాక్యాల జాబితాగా వస్తాయి. అది ఏ తెర మీద, ఏ బటన్ నొక్కాక వస్తుందో చెప్పరు. ఫైల్ పేరు వచ్చే చోట ఒక ఖాళీ గుర్తు ఉంటుంది. మన భాషలో ‘ను’, ‘కు’, ‘లో’ పేరుకు అతుక్కోవాలి, ఆ పేరేమో ముందుగా తెలియదు. కాబట్టి ‘రిపోర్ట్ అనే ఫైల్‌ను’ అన్నట్టు మధ్యలో ఒక మాట పెట్టి, విభక్తిని ఆ మాటకు తగిలించాలి. రెండు ఖాళీలుంటే వాటి వరస మార్చుకునే వీలుండాలి, క్రియ మనకు చివర వస్తుంది కనుక. ఏకవచనానికి, బహువచనానికి విడి వాక్యాలు ఉండాలి. లేకుంటే ‘1 ఫైళ్లు తొలగించబడ్డాయి’ లాంటివి పుడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఎర్రర్ కోడ్‌ను అనువాదంలో వదిలేయకూడదు. తెలుగు సందేశాన్ని వెతికితే పరిష్కారం దొరకడం అరుదు, కోడ్‌తో వెతికితే దొరుకుతుంది. లైనక్స్‌లో కమాండ్ ముందు ఎల్‌సీ ఆల్ (LC_ALL) అనే భాష అమరిక విలువను సీ (C) అని పెడితే ఆ ఒక్కసారికి సందేశం ఇంగ్లిష్‌లో వస్తుంది.

సాఫ్ట్‌వేర్ రాసేవారిని మేము కోరేది పెద్ద పని కాదు. ఏ అకౌంట్ పేరు మీద, ఏ పని, ఏ ఫైల్ మీద చేయబోతే, ఏ నియమం ఆపింది, ఎవరిని అడగాలి: ఈ సంగతులు ప్రోగ్రామ్‌కు ఆగిన క్షణంలో చాలావరకు తెలిసే ఉంటాయి. ‘సేవ్ చేయలేకపోయాం’ అని వదిలేయకుండా ‘అకౌంట్స్ ఫోల్డర్‌లో మీకు చదివే అనుమతి మాత్రమే ఉంది. రాసే అనుమతి కోసం ఈ ఫోల్డర్ చూసే అడ్మిన్‌ను అడగండి. మీరు చేసిన మార్పులు ఇంకా తెర మీదే ఉన్నాయి, వేరే చోట సేవ్ చేసుకోవచ్చు. కోడ్ 5’ అని రాయండి. చివరి నుంచి రెండో వాక్యం మరవవద్దు. ఎర్రర్ వచ్చినప్పుడు మనిషికి పుట్టే మొదటి భయం తన పని పోయిందేమోనని. అలాగే, లోపల దొరికిన ప్రతి ఎర్రర్‌నూ ఒకే గంపలో వేసి ‘ఏదో పొరపాటు జరిగింది’ అనే కోడ్ రాయవద్దు. ఫైల్ లేకపోవడం, అనుమతి లేకపోవడం, జాగా లేకపోవడం మూడు వేర్వేరు ఎర్రర్లుగా కింది నుంచి వస్తాయి, వాటిని పైదాకా రానివ్వండి.

వాడేవారికి ఒక మనవి. సహాయం అడిగేటప్పుడు ‘ఓపెన్ అవ్వడం లేదు’ అని ఒక్క మాట పంపకండి. సందేశం పూర్తి పాఠం, కోడ్, ఫైల్ లేదా పేజీ పూర్తి దారి, ఏ అకౌంట్‌తో లాగిన్ అయ్యారు, ఏ సమయానికి వచ్చింది, ఇంతకుముందు పనిచేసేదా, పక్కవారికి పనిచేస్తోందా అన్నవి రాయండి. సమయం నిమిషంతో సహా ఉంటే లాగ్‌లో వెతకడం తేలిక. స్క్రీన్‌షాట్ పెడితే కోడ్ కత్తిరించకుండా మొత్తం తెర తీయండి. విండోస్ సందేశపు పెట్టెల్లో చాలావాటిలో కంట్రోల్ సీ నొక్కితే పాఠం మొత్తం కాపీ అవుతుంది. ఏ అకౌంట్‌తో ఉన్నారో తెలియకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘హూ యామ్ ఐ’ని ఖాళీలు లేకుండా ఇంగ్లిష్‌లో కొట్టండి. సగం సమస్యలు అనుకున్న అకౌంట్ ఒకటి, ఉన్న అకౌంట్ ఇంకొకటి కావడం వల్లే వస్తాయి. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఎవరు అడిగినా పంపకండి. అనుమతి ఇవ్వడానికి అకౌంట్ పేరు ఒక్కటి చాలు.

ఇట్లు,
కంప్యూటర్ వ్యవస్థల నిర్వహణలో పనిచేస్తున్న కొందరు పాఠకులు